పాలు తగ్గించని ఆమినాబీ

ఆమినాబీకి నిజంగా కోపం రావడం ఈ పదకొండేళ్లలో నేను రెండుసార్లే చూశాను. ఉత్తుత్తి కోపాలు లెక్కలోకి రావు, అవి రోజుకు యాభై. మంట తగ్గితే గ్యాస్ బండ మీద, వాన కారితే పైన రేకు మీద, గ్లాసు కడక్కుండా బోర్లిస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద అరుస్తూనే ఉంటుంది. అసలు కోపం వచ్చినప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గిపోతుంది. ఆ రెండు కోపాలూ ఒకే వారంలో వచ్చాయి. ఒకటి మా మేనేజరు మీద, రెండోది తన మీద తనకే.

మాది వెంకటాచలం దగ్గర హైవే పక్కన రొయ్యల కంపెనీ. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి పెట్టెల్లో పంపిస్తాం. నా పేరు సుభాషిణి. తెల్లకోటు వేసుకుని, రొయ్యల్లో క్రిములున్నాయో లేదో చూసి సంతకం పెట్టే ఉద్యోగం నాది. ఒలిచే హాల్లో నూట ఇరవై మంది ఆడవాళ్లు పనిచేస్తారు. గేటు లోపల, బస్సులు ఆగే చోట, రేకుల పందిరి కింద ఆమినాబీ టీ పొయ్యి ఉంటుంది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు.

పుట్టింది బిట్రగుంటలో. వాళ్ల నాయన రైల్వే కాలనీ బయట టీ అంగడి నడిపేవాడు. బొగ్గు ఇంజన్ల కాలం అది. డ్యూటీ దిగిన డ్రైవర్లు మసి మొహాలతో వచ్చి బల్ల మీద కూలబడితే, అడక్కముందే గ్లాసు చేతికిచ్చేవాడట. నీళ్ల టీ జొరం వచ్చినోళ్లకి, పాల టీ పని చేసేటోళ్లకి అని ఆయన లెక్క. ఆ లెక్క కూతురికి ఒంటబట్టింది. వెంకటాచలం దర్జీ ఖాదర్ బాషాతో పెళ్లయి ఇటు వచ్చింది. సూదిలో దారం ఎక్కించేంత చూపు లేక ఆయన మిషను మూలన పెట్టేశాడు గానీ, సైకిల్ తొక్కేంత చూపు బాగానే ఉంది. తెల్లవారకముందే బర్రెలున్న వెంకటశేషమ్మ ఇంటికి పోయి, ఎదురుగా నిలబడి బర్రె పాలు పితికించుకుని క్యాన్లతో తెచ్చేది ఆయనే. ఆ పాలను రెండు పొంగులు వచ్చేదాకా కాచి, అల్లం దంచి వేసి మరిగించిన డికాషన్‌ని గుడ్డలో వడగట్టి కలుపుతుంది ఆమినాబీ. చిక్కగా ఉంటుంది. ఒక గ్లాసు తాగితే ఇంకో రెండు గంటల దాకా ఆకలి గుర్తురాదు.

ఆ చిక్కదనం ఎందుకో తెలియాలంటే మా వాళ్ల పొద్దు ఎలా మొదలవుతుందో తెలియాలి. కంపెనీ బస్సు ఊళ్లలోకి నాలుగున్నరకే వస్తుంది. ఆ లోపల లేచి, ఇంటిల్లిపాదికీ వండి, తమకు ఒక డబ్బా కట్టుకుని పరిగెత్తుకొస్తారు. వండడానికి టైముంటుంది, తినడానికి ఉండదు. ఆరింటికి పని మొదలు. ఎనిమిదిన్నరకు పదిహేను నిమిషాలు వదులుతారు. బూట్లు, గ్లౌజులు, టోపీ విప్పి బయటికి రావడానికీ, మళ్లీ చేతులు కడిగి అవన్నీ తొడుక్కోవడానికీ పది నిమిషాలు పోగా అయిదు మిగులుతాయి. ఆ అయిదు నిమిషాల్లో ఆమినాబీ టీ. మళ్లీ పన్నెండున్నరకు అన్నం. ఈ మధ్యలో నిలబడిన కాళ్ల మీద, ఐసులో పెట్టిన చేతులతో పని. ఈ లెక్క నాకు ఎప్పటినుంచో తెలుసు. నేను ఇంట్లో రెండు దోసెలు తిని ఎనిమిదికి వస్తాను కాబట్టి దాని గురించి ఆలోచించలేదు.

నాలుగు నెలల కింద ఆరోగ్య కేంద్రం వాళ్లు వచ్చి అందరికీ రక్తం చూశారు. డెబ్బై మందికి తక్కువ ఉందన్నారు. అందరికంటే తక్కువ భానుప్రియకు, పన్నెండు ఉండాల్సిన చోట ఎనిమిది. ఇరవై మూడేళ్ల పిల్ల. హాల్లో ఆమెంత వేగంగా ఒలిచే చెయ్యి ఇంకొకటి లేదు. నర్సు కరుణాకుమారి ఐరన్ మాత్రల అట్టలు పంచి, రోజుకొకటి మింగమని చెప్పింది. ఇంట్లో పెట్టుకుంటే మర్చిపోతామని ఆడవాళ్లు నసుగుతుంటే ఆమినాబీ ముందుకొచ్చింది.

"నా దగ్గర పెట్టండమే. ఎట్ట మింగరో నేనూ చూస్తా."

అట్లా మొదలైంది. మాత్రలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పొయ్యి పక్కన ఉండేవి. ఎనిమిదిన్నరకు ఒక చేతికి టీ గ్లాసు, ఇంకో అరచేతిలో మాత్ర. కంపెనీ కుళాయి నీళ్లు బ్లీచింగ్ కంపు కొడతాయి, వాటితో ఎవరూ మింగరు. టీతోనే మింగేవాళ్లు. "బిస్మిల్లా అంటారో, గోవిందా అంటారో, ఏదో ఒకటి అని మింగండి" అనేది. నోరు తెరిచి నాలుక చూపిస్తే గానీ వదిలేది కాదు. ఒక్క మాత్ర కాలవలో పడలేదని గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా గొప్పగా చెప్పుకునేది. నేను పక్కనే నిలబడి టీ తాగుతూ మెచ్చుకున్నాను.

మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష. ఎవరికీ చెప్పుకోదగ్గంత పెరగలేదు. భానుప్రియకు ఎనిమిది కాస్తా ఏడున్నర అయింది. ఆ మర్నాడే పదకొండు గంటలప్పుడు ఆ పిల్ల బల్ల దగ్గర నిలబడి నిలబడి కళ్లు తిరిగి పడింది. స్టీలు బల్ల అంచు తగిలి నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి.

ఇక్కడ మా మేనేజరు మధుబాబు రంగంలోకి దిగాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ముప్పై అయిదేళ్లుంటాయి. రోజూ పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరిగెత్తుతాడు, బల్ల మీద ఎప్పుడూ గ్రీన్ టీ ఫ్లాస్కు ఉంటుంది. ఆరోగ్యం గురించి ఫోనులో కనబడిందల్లా చదువుతాడు. చదివింది కడుపులో దాచుకోలేకపోవడమే ఆయన జబ్బు. బుధవారం పొద్దున ఫోను చేత్తో పట్టుకుని పందిరి దగ్గరికి వచ్చాడు.

"ఆమినాబీ గారూ, టీ ఆకులో చాలా మంచి గుణాలున్నాయి. మీరు పాలు పోసేసరికి పాలల్లో ఉండే ప్రొటీను వాటిని పట్టేసుకుంటుంది. ఇంక ఆ టీ తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే. సోమవారం నుంచి పాలు ఆపేద్దాం. అందరికీ గ్రీన్ టీ. చక్కెర కూడా వద్దు."

"భానుప్రియ పడిపొయ్యింది నా పాల వల్లనా సార్?"

"అట్లా అనడం లేదండీ. మొత్తంగా ఆరోగ్యం మెరుగుపడాలి కదా. మాత్రలిస్తేనేమో పారేశారు, కనీసం తాగేదైనా మంచిది తాగితే..."

ఆమె గొంతు తగ్గింది.

"ఎవురు పారేసినారు?"

"మింగి ఉంటే రక్తం పెరిగేది కదా?"

"మింగినారు. తొంబై దినాలు నా కళ్ల ముందర, నా టీతో మింగినారు. నా ఆడపిల్లోళ్లని అబద్ధాలకోర్లంటే నేను ఊరుకునేదాన్ని కాదు సార్. రగతం ఎందుకు పెరగలేదో నేనే కనుక్కోనొస్తా. అందాకా పాలు ఆపేది లేదు."

"సోమవారం" అని మాత్రం అని ఆయన వెళ్లిపోయాడు.

గురువారం పని దిగాక నన్ను వెంటబెట్టుకుని ఆటోలో ఆరోగ్య కేంద్రానికి బయల్దేరింది. దారి పొడుగునా మేనేజరును ఎట్లా కడిగెయ్యాలో సాధన చేసుకుంటూనే ఉంది. మాత్రలే నకిలీవని ఆమె అనుమానం. వాటి అట్ట కొంగున ముడేసుకుని మరీ తెచ్చింది. కరుణాకుమారి రిజిస్టరు రాసుకుంటూ ఉంటే ఆ అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"కరుణమ్మా, ఇయ్యి మంచియ్యేనా?"

"మంచియ్యే అక్కా. దేంతో మింగుతున్నారు వాళ్లు?"

"టీతో. ఇంకదేంతో?"

కరుణాకుమారి పెన్ను కింద పెట్టింది. "అయ్యో అక్కా! టీతోనా? మూడు నెలలూ?"

తర్వాత ఆమె నెమ్మదిగా చెప్పింది. టీ ఆకులో ఉండే వగరు మాత్రలోని ఇనుమును పట్టేసుకుంటుంది. సరిగా ఒంటబట్టనీయదు. అన్నంలో, ఆకుకూరలో ఉండే ఇనుముకు కూడా అదే గతి. అందుకే మాత్రకూ అన్నానికీ అటొక గంట, ఇటొక గంట టీ తాగకూడదు. నీళ్లతో మింగాలి, నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది.

"మరి నేను పాలు చిక్కంగా పోస్తా గదమ్మా. ఆ వగరు ఇరగదా?"

"పాలు కూడా ఇనుముకి అడ్డమేనక్కా."

"గ్రీన్ టీ అయితే?"

"అదీ ఆ ఆకే గదా. అదీ పట్టుకుంటాది."

"పాలు పోస్తే టీలో ఉండే మంచంతా పోతాదని మా సారు అంటన్నాడే?"

"కొన్ని పరీక్షల్లో తగ్గిందన్నారు, కొన్నిట్లో తేడా లేదన్నారు. ఇంకా తేల్లేదు. నాకు తెలిసింది ఇంతే. దానికీ ఈ రగతానికీ సంబంధం లేదక్కా."

మాత్రల అట్ట బల్ల మీదే వదిలేసి ఆమినాబీ లేచింది. తిరుగు ఆటోలో ఒక్క మాట లేదు. నేను కదిలిస్తే, వినపడీ వినపడనట్టు అంది: "నాలిక చాపించి మరీ మింగిచ్చినా మే. ఒక్క దినం కూడా తప్పిపోనీలేదు." ఆ గొంతు ఎంత తగ్గిందంటే ఆటో మోతలో సగం మాట పోయింది. నాకూ సిగ్గేసింది. కాలేజీలో ఈ పాఠం నేను చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తెల్లకోటు వేసుకుని ఆ టీ పక్కనే తొంభై రోజులు నిలబడిన నాకు ఒక్కరోజు కూడా అది గుర్తురాలేదు. చదువు లేని మనిషి తనను తాను తిట్టుకుంటుంటే చదువుకున్న మనిషి పక్కన కూర్చుని ఓదార్చడం, ఇంతకంటే దరిద్రం ఉండదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకు ఆడవాళ్లు వచ్చి వరసలో నిలబడ్డారు. ఆమినాబీ గ్లాసులు అందించలేదు. డబ్బా చేతిలో పట్టుకుని బెంచీ ఎక్కింది.

"మే, ఒక్క నిమిషం వినండి. రగతం పెరక్కపోయింది మీ వల్ల కాదు, మాత్రల వల్ల కాదు. తప్పు నాది. టీతో మింగిచ్చినా. టీతో మింగితే మాత్ర ఒంటికి పట్టదంట. కరుణమ్మ జెప్పింది."

నుదుటి మీద కట్టుతో ముందు వరసలో నిలబడిన భానుప్రియ, "మంచికే గదక్కా నువ్వు ఇచ్చింది" అంది.

"మంచికే ఇచ్చినా. నీ నుదురు పగిలింది గదా?" అంది ఆమినాబీ. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తుడుచుకోలేదు. "ఈ దినం నుంచి నీళ్లు నేను కాంచి చల్లార్చి పెడతా. పన్నెండున్నరకి అన్నం దగ్గిర మాత్ర, నిమ్మకాయ నీళ్లు. అన్నం తిన్నాక టీ అడిగితే కాళ్లు ఇరగ్గొడతా. బస్సెక్కే ముందర ఇస్తా, అప్పుడు తాగండి."

గుంపు వెనక మధుబాబు నిలబడి ఉన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా, తనే ఒప్పుకున్నారు. నేను చెప్పింది అదే కదా. సోమవారం ఎందుకు, రేపటి నుంచే పాలు ఆపేద్దాం."

ఆమినాబీ బెంచీ దిగలేదు. పైనుంచే మాట్లాడింది.

"మాత్రతో టీ ఆపినా. అన్నంతో టీ ఆపినా. పాలు ఆపను సార్. మీ గ్రీన్ టీ కూడా ఇనుముని మింగేసేదేనంట."

మధుబాబు నా వైపు చూశాడు. నూట ఇరవై మంది కూడా చూశారు. నా ఉద్యోగానికి సంతకం పెట్టేది ఆయనే. "నిజమే సార్, ఆకు ఒకటే" అన్నాను.

"సరే, ఇనుము సంగతి వదిలెయ్యండి. పాలు పోస్తే టీ వల్ల వచ్చే మేలు పోతుంది కదా?"

"పోతే పోనీ సార్! మీరు పొద్దన ఏం తినొచ్చినారు?"

"ఓట్సు, రెండు గుడ్లు..."

"అది కడుపు నిండిన బేరం. నిండిన కడుపుకి ఆకులో ఏముందో చూసుకుంటారు. ఈ ఆడోళ్లు రాత్రి తిన్న అన్నం మీద వచ్చినారు. గ్లాసులో వాళ్లకి కావాల్సింది పాలు. ఆకు రుచికి, అల్లం చలికి. మీరు ఎనిమిదిన్నరకి టిఫిను పెట్టిచ్చండి. ఆ దినమే నేను పాలు తీసేసి మీ ఆకు నీళ్లే పోస్తా. ఒట్టు."

"ఒక పూట తినకపోతే ఏమీ కాదండీ. నేను ప్రతి శనివారం ఉపవాసమే ఉంటాను."

"ఉపాసం మాకూ తెలుసు సార్, రంజానుకి నెలంతా ఉంటాం. ఉపాసం వేరే, పస్తు వేరే. రేపు శనివారమే గదా? నాలుగున్నర బస్సెక్కండి. మా వాళ్ల పక్కన నిలబడి ఒలవండి. ఎనిమిదిన్నరకి మీ గ్రీన్ టీ తాగండి. పన్నెండున్నర దాకా నిలబడినారంటే, సోమవారం నా చేతుల్తో నేనే ఈ పొయ్యి ఆర్పేసి ఇంటికి పోతా."

ఆ మాటకు ఆడవాళ్లు గొల్లుమన్నారు. అంతమంది ముందు కాదనలేక, కాదనాలని లేక, మధుబాబు సరేనన్నాడు.

తర్వాత నేను ఆమెను చాటుకు లాగి తిట్టాను. పంతానికి పోయి పదకొండేళ్ల పొయ్యిని పందెం కడతావా అన్నాను. "భయం లేదనుకున్నావా మే?" అంది. "ఆ సారు పరిగెత్తే మనిషి. నిలబడినా నిలబడతాడు. నిలబడితే వీళ్లకి పొద్దన ఏం గతి? అయినా అడక్కుండా ఎట్ట ఊరుకునేది? అడిగేదానికి వీళ్లకి నోరు లేదు. నాకుండాది."

శనివారం ఆయన నిజంగానే వచ్చాడు. అది చూడాలని నేనూ ఆ పొద్దు అయిదున్నరకే వచ్చాను. ఆడవాళ్లతో పాటు బస్సు దిగి, బూట్లు, టోపీ, గ్లౌజులు వేసుకుని భానుప్రియ పక్కన నిలబడ్డాడు. దెబ్బ తగిలిందని ఆ పిల్లకు ఆ వారం బల్ల దగ్గర ఒలిచే పని పెట్టలేదు. సారుకు ఒలవడం నేర్పడానికని స్టూలు వేసుకుని కూర్చుంది. మొదటి గంట నవ్వుతూనే ఉన్నాడు. ఏడింటికి వేళ్లు మొద్దుబారాయని గ్లౌజులు మార్చుకున్నాడు. ఎనిమిదిన్నరకు బయటికి వచ్చి, ఫ్లాస్కులోంచి గ్రీన్ టీ పోసుకుని నిలబడే తాగాడు. ఆమినాబీ అటు తిరిగి చూడను కూడా చూడలేదు. అందరికీ టీ పోసి, గిన్నెలు తోముకుంటూ కూర్చుంది. ఆ పూట ఆమె ఎవరి మీదా అరవలేదు.

తొమ్మిదిన్నరకు నన్ను టైమెంతని అడిగాడు. పదికి మళ్లీ అడిగాడు. ఖాళీ కడుపులో ఆకు నీళ్లు తిప్పుతున్నట్టున్నాయి, పెదాలు తెల్లబడ్డాయి. బల్ల అంచును మోచేత్తో ఆనుకుని ఒలుస్తున్నాడు. "కాలు మార్చి నిలబడండి సార్, అట్టయితే కొంచెం ఆగొచ్చు" అంది భానుప్రియ. ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు. ఆయన ఆమె నుదుటి మీది కట్టు వంక చాలాసేపు చూశాడు.

పదకొండుకు అయిదు నిమిషాలు ఉందనగా, ఫోను చేసుకోవాలని చెప్పి బయటికి నడిచాడు. పడిపోతాడేమోనన్న భయంతో నేను వెనకే వెళ్లాను. ఫోను ఆయన జేబులోనే ఉంది. తిన్నగా పందిరి దగ్గరికి వెళ్లి, గుంజ పట్టుకుని నిలబడ్డాడు. బెంచీ మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"కొంచెం టీ ఇస్తారా, ఆమినాబీ గారూ?"

ఆమె గ్లాసు కడిగి, సగం దాకా డికాషన్ పోసింది. పాలగిన్నె చేతిలోకి తీసుకుని ఆగింది.

"పాలు పొయ్యమంటారా, వద్దా సార్?"

వెనక హాలు తలుపు పక్కకు తొలగి ఉంది. లోపలి నుంచి ఎన్ని జతల కళ్లు చూస్తున్నాయో నేను లెక్కపెట్టలేదు. ఆయనా వెనక్కి తిరిగి చూడలేదు.

"పొయ్యండి."

అంచుదాకా పోసింది. అడక్కుండానే చక్కెర ఇంకో చెంచా వేసి కలిపింది. ఆయన రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాడు.

"సోమవారం సంగతి..." అని మొదలుపెట్టాడు.

"సోమారం సంగతి తరవాత. ముందు తాగండి సార్. ఇప్పుడు మీరు కళ్లు తిరిగి పడితే, అదీ నా పాల వల్లనే అంటారు."